రక్తపరీక్ష ఇచ్చిన బిడ్డ

బస్సులకు సీట్లు కుట్టే షెడ్డులో ఆమెను అందరూ సీటమ్మ అనేవారు. ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు చివరికి ఆసుపత్రిలో నర్సులు తప్ప ఎవరూ మిగల్లేదు. ఈ పేరు పెట్టింది షెడ్డు మేస్త్రి. కొత్తగా పనిలో చేరినవాళ్ళెవరైనా "సీతమ్మ గారూ" అని పిలిస్తే ఆయన అక్కడినుంచే అరిచేవాడు: "సీతమ్మ కాదయ్యా, సీటమ్మ! ఆవిడ అడవులకి పోయే రకం కాదు, అవతలివాళ్ళని పంపించే రకం."

ఆ మాటలో నిజం లేకపోలేదు. రేకుల కప్పు కింద పెద్ద మిషన్లన్నీ ఒక్కసారిగా నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఆ రొదలో కూడా ఆమె గొంతు ఈ చివరినుంచి ఆ చివరికి ఖంగుమనేది. పాత బస్సుల నుంచి ఊడదీసుకొచ్చిన సీట్లను వలిచి, కుళ్ళిన స్పాంజి పారేసి, కొత్తది కోసి పెట్టి, పైన రెక్సిను బిగలాగి కుట్టడం ఆమె పని. రెక్సిను మొండిది. గుడ్డలా చెప్పిన మాట వినదు. ఒకసారి సూది దిగిందంటే ఆ రంధ్రం మళ్ళీ పూడదు. తప్పు కుట్టు పడితే ముక్కంతా పారేయాల్సిందే. అందుకని కుట్టేముందు అందరినీ కసురుకుంటూ ఒకటికి రెండుసార్లు కొలిచేది. మిషను మీద కాలు పెట్టాక మాత్రం నోరు మెదిపేది కాదు. సీటు సందుల్లో దొరికిన దువ్వెనలు, పిల్లల బొమ్మలు, ఒంటి చెవిపోగులు ఒక డబ్బాలో వేసి ఉంచేది. "ఎవరో ఒకరు వెతుక్కుంటూ రాకపోతారా" అనేది. ఎవరూ వచ్చిన పాపాన పోలేదు.

వెతుక్కుంటూ వచ్చినవాడు ఒకే ఒక్కడు, అదీ దెబ్బలాటకు. సిటీ బస్సు డ్రైవరు. తన సీటును చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చి, దాన్ని నేలమీద దబ్బున పడేశాడు.

"ఈ సీటు కుట్టిన మహానుభావుడెవరో ఒకసారి దీనిమీద కూర్చుని ఆఖరి స్టాపు దాకా రమ్మనండి. నడుము సంగతి తెలుస్తుంది."

సీటమ్మ తలెత్తి చూసింది. "మహానుభావుడు కాదు, నేనే. ఏదీ, ఎలా కూర్చుంటావో చూపించు."

అతను అక్కడే కూర్చుని, లేని స్టీరింగు పట్టుకుని చూపించాడు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"నువ్వు కూర్చోవడమే వంకర. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ గొడవ."

షెడ్డంతా గొల్లుమంది. అయినా ఆమె ఆ సీటుకు నడుము దగ్గర మరో స్పాంజి పొర వేసి, మళ్ళీ కుట్టి పంపించింది. ఆ తర్వాత ఆ ఏడాది ఆ బస్సు డ్రైవరు సీటు చిరిగినన్ని సార్లు ఊరు మొత్తంలో ఏ సీటూ చిరగలేదు. చివరికి మేస్త్రే విసిగిపోయి, "నాయనా, రెక్సిను ఖరీదైనది. మనిషినే తీసుకుపో" అన్నాడు.

అలా పెళ్ళయింది. డ్రైవరుకు తల్లీ తండ్రీ లేరు. గుండీలూ, దారాలూ, జిప్పులూ అమ్మే చిన్న కొట్టు నడుపుకుంటూ అతన్ని పెంచి పెద్దచేసింది వాళ్ళ అక్క. తమ్ముడంటే ఆవిడకు ప్రాణం. మరదలంటే ప్రాణం కాకపోయినా అయిష్టమేమీ లేదు. "నోరు పెద్దదే గానీ చెయ్యి మంచిది" అని కొట్టుకొచ్చినవాళ్ళతో అనేది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ విన్లేదు.

మేడ మీద రెండు గదుల్లో కాపురం. కిటికీ బస్సులు తిరిగే వీధివైపు ఉండేది. తన బస్సు ఆ దారిన పోయినప్పుడల్లా డ్రైవరు రెండుసార్లు చిన్నగా హారను కొట్టేవాడు. ఆమె ఆదివారాల్లో ఇంట్లో ఉండి అది వినేది. లేనిది ఒక్కటే, పిల్లలు. మొదట్లో ఎదురుచూశారు. తర్వాత డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఇద్దరిలోనూ లోపం లేదన్నారు. లోపముందంటే మందు ఉంటుంది, లేదంటే ఏముంటుంది? కొన్నేళ్ళకు తిరగడం మానేశారు. ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకోవడం కూడా మానేశారు.

జబ్బు చప్పుడు చేయకుండా వచ్చింది. పొద్దున్నే లేస్తే కళ్ళకింద ఉబ్బు. సాయంత్రానికి చెప్పులు బిగుతు. మిషను దగ్గర కూర్చుంటే ఆయాసం. "వయసు మీద పడుతోంది" అని ఆమె నవ్వేసింది. ఒకరోజు షెడ్డులోనే కళ్ళు తిరిగి రెక్సిను చుట్టల మీద పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తపోటు ఎన్నాళ్ళుగానో లోలోపల కిడ్నీలను తినేసిందనీ, రెండూ దాదాపు ఆగిపోయాయనీ చెప్పారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. డయాలసిస్ సూదుల కోసం చేతికి చిన్న ఆపరేషను చేసి నరాలు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల తేనెటీగలు ముసిరినట్టు ఝుమ్మనేది.

కిడ్నీ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇస్తే మంచిది. గుండె ఇంకా బాగుంది. ఆలస్యం చెయ్యకండి."

డ్రైవరు ఆ మాట పూర్తికానివ్వలేదు. "నాకు రెండున్నాయి కదండీ. ఒకటి ఊరికే కూర్చుంది."

బ్లడ్ గ్రూపు కలిసింది. అతనికి గుండె, ఊపిరితిత్తులు, షుగరు, అన్నీ చూశారు. రాయిలా ఉన్నాడన్నారు. ఆ వారమంతా ఇంట్లో పండగలాగే ఉంది. "ఇన్నాళ్ళూ నా మాట వినలేదు. నీ కిడ్నీ నాలోకొచ్చాకైనా అదొక్కటి వింటుందేమో" అని ఆమె ఆటపట్టించింది. ఆడపడుచు కొట్టు మూసేసి వచ్చి, ఆపరేషను నాటికి ఎవరెక్కడ పడుకోవాలో, ఎవరు వంట చేయాలో అన్నీ తేల్చేసింది.

ఆఖరున ఒక్క పరీక్ష మిగిలింది. ఆమె రక్తం అతని కిడ్నీని రానిస్తుందా లేదా చూసే పరీక్ష.

ఫలితం చెప్పడానికి డాక్టరు ముగ్గురినీ లోపలికి పిలిచాడు. ఆయన ముఖం చూడగానే సీటమ్మకు అర్థమైంది.

"మీ రక్తంలో మీ ఆయన కణాల మీద కలబడే యాంటీబాడీలు కనపడ్డాయమ్మా. కొద్దిగా కాదు, చాలా ఎక్కువగా. ఇప్పుడు ఆయన కిడ్నీ పెడితే మీ ఒళ్ళు దాన్ని వెంటనే పాడుచేసేస్తుంది."

"అవి నాకెందుకొచ్చాయండీ?"

"ఊరికే రావు. వేరే మనిషి కణాలు ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చి ఉండాలి. రక్తమేమైనా ఎక్కించారా?"

"లేదండీ. రక్తం తగ్గితే ఇంజెక్షన్లతోనే నెట్టుకొస్తున్నారు."

"కాన్పులెన్ని?"

"లేవు."

"గర్భం వచ్చి పోవడం?"

"లేదండీ."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "కొంతమందికి తెలియకుండానే నిలిచి, తెలియకుండానే పోతుంది. నెల ఆలస్యంగా వచ్చిందనుకుంటారు, అంతే. ఇలా ఉందంటే అలాంటిదేదో జరిగే ఉంటుంది." ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కారణం చెబితే రోగికి కాస్త ఊరటగా ఉంటుందని అనుకున్నాడు.

చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ఆమె పేరు రాయించి ముగ్గురూ ఆసుపత్రి మెట్లు దిగారు.

డాక్టరన్న ఆ మాట ముగ్గురి చెవుల్లోనూ పడింది. ముగ్గురిలోనూ మూడు రకాలుగా మొలకెత్తింది.

సీటమ్మకు ఒక వానాకాలం గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తల్లో, నెల తప్పి చాలా రోజులైంది. ఇంకొన్నాళ్ళు ఆగి చెబుదామని మొగుడికి చెప్పలేదు. ఒకరోజు షెడ్డులో బరువైన సీటు ఎత్తుతుంటే కడుపులో మెలిపెట్టినట్టై, రక్తం పోయింది. ఆలస్యంగా వచ్చిందిలే అనుకుని, చీర మార్చుకుని మళ్ళీ మిషనెక్కింది. ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు డయాలసిస్ కుర్చీలో పడుకుని, తన రక్తం గొట్టాల్లోంచి వెళ్ళి తిరిగి రావడం చూస్తూ దాని గురించే ఆలోచించింది. అయితే ఉందన్నమాట. కొన్నాళ్ళే కావచ్చు, ఉందన్నమాట. ఒంట్లో గుర్తు కూడా వదిలిపెట్టి వెళ్ళింది. ఈపాటికి హైస్కూలు దాటి ఉండేది. వాళ్ళ నాన్నలా వంకరగా కూర్చునేది.

చిత్రమేమిటంటే, కిడ్నీ అందకుండా పోయిన ఆ రోజుల్లోనే ఆమె ముఖంలో ఒక శాంతి కనపడింది. నర్సులు కూడా గమనించారు. గొడ్రాలన్న మాట ఎవరూ ఆమె ముఖంమీద అనలేదు గానీ, ఆమె తనను తాను ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు అనుకోనక్కర్లేదు. మొగుడికి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మంచి సమయం కోసం చూస్తోంది.

ఆడపడుచు బుర్రలో మొలకెత్తింది వేరే. ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ తమ్ముడి కిడ్నీని మరదలి రక్తం వద్దందన్నది ఆవిడకు మింగుడుపడలేదు. గుండీల కొట్లో కూర్చుని ఒకరితో అంది: "ఊరికే రావట, డాక్టరే చెప్పాడు. మా ఇంటికొచ్చాక కడుపు పండలేదని అందరికీ తెలుసు. మరి ఎక్కడినుంచి వచ్చినట్టు?" అవతలివాళ్ళు "అంతే కదా మరి" అన్నారు. ఊ కొట్టేవాళ్ళుంటే కథ ఆగుతుందా? రెండోసారి చెప్పినప్పుడు "పెళ్ళికి ముందు" అన్న మాట చేరింది. మూడోసారికి "అందుకే తర్వాత నిలవలేదేమో" అన్నది చేరింది. నాలుగోసారి తమ్ముడికే చెప్పింది.

డ్రైవరు అక్క మీద అరిచాడు. అరిచి ఇంటికొచ్చాడు. కానీ ఆ మాట అతనితోపాటే బస్సెక్కింది. పగలంతా బస్సు నడుపుతూ, ఎర్ర దీపం పడ్డప్పుడల్లా దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఒక పొద్దున అతను గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఎండ పల్చగా గదిలోకి పడుతోంది. ఆమెకు ఆరోజు డయాలసిస్ లేదు. ఒంట్లో తేలిగ్గా ఉంది. ఇప్పుడే చెప్పేద్దామనుకుని దగ్గరికొచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమయ్యా, నీకో మాట చెప్పాలి."

"నేనూ ఒకటి అడగాలి." అతను తలెత్తలేదు.

"సరే, నువ్వే అడుగు."

"నిజం చెప్పు. నేనేమీ అనుకోను." తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "నేను రాకముందు… ఎవరైనా…"

అంతకన్నా అనలేకపోయాడు. అనక్కర్లేకపోయింది కూడా.

నోరు పెద్దదని పేరు పడ్డ మనిషి. షెడ్డులో మేస్త్రిని కూడా నిలబెట్టి కడిగేసే మనిషి. ఇప్పుడు మాత్రం అతని నడినెత్తి వైపు చూసి, "నీ బస్సుకి టైమవుతోంది. వెళ్ళు" అంది.

"నువ్వేదో చెప్తానన్నావు?"

"ఏం లేదులే. పప్పు నిండుకుంది, తీసుకురా."

ఆ సాయంత్రం అతను పప్పు తెచ్చాడు. మర్నాడు తప్పయిపోయిందన్నాడు. ఆమె "సరేలే" అంది. ఆ సరేలేకి అవతల ఏముందో అతనికి అర్థం కాలేదు. అర్థమైనా చేయగలిగింది లేదు. రెక్సినులో సూది దిగింది. గుడ్డైతే నీళ్ళు చల్లి, ఇస్త్రీ చేసి సర్దొచ్చు.

తర్వాత ఏం మారిందని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. వంట అలాగే చేసింది. ఆసుపత్రికి అతనే తీసుకెళ్ళేవాడు, అతనే తీసుకొచ్చేవాడు. కానీ ఆమె అతన్ని ఆటపట్టించడం మానేసింది. బిడ్డ సంగతి చెప్పలేదు. నమ్మనివాడికి చెప్పి, అది కూడా మాసిపోవడం ఎందుకనుకుంది. ఆ బిడ్డను తనొక్కతే పెంచుకుంది, డయాలసిస్ కుర్చీలో, కళ్ళు మూసుకుని.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒళ్ళు నల్లబడింది. జుట్టు పల్చబడింది. షెడ్డులో ఇప్పుడు కూర్చుని కొలతలు వేయడం, కోసి ఇవ్వడం తప్ప మిషను తొక్కలేకపోయేది. మేస్త్రి మాత్రం ఆమె మిషను మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు.

అప్పుడు ఆసుపత్రి ల్యాబుకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. నెమ్మదైన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటాయి. రక్తం ఎక్కించుకోకుండా, గర్భం రాకుండా, ఏ కారణమూ లేకుండా యాంటీబాడీలున్నాయని తేలినవాళ్ళ ఫలితాలను ఆవిడ ఏరి, మళ్ళీ పరీక్ష చేయించింది. మొగుడూ పెళ్ళాలిద్దరి రక్తమూ మళ్ళీ తీశారు. కొన్నాళ్ళ తర్వాత సీటమ్మను ల్యాబుకు రమ్మని కబురు పెట్టింది. డ్రైవరు డ్యూటీలో ఉన్నాడు. తోడుగా ఆడపడుచు వచ్చి బయట బల్ల మీద కూర్చుంది.

"మీకు మేం క్షమాపణ చెప్పాలమ్మా" అంటూ మొదలుపెట్టింది డాక్టరమ్మ. "మీ రక్తంలో మీ ఆయనకి విరోధంగా ఏమీ లేదు. అప్పుడూ లేదు."

సీటమ్మకు వెంటనే ఎక్కలేదు. "మరి అప్పుడు ఉందన్నారు కదండీ?"

"ఈ పరీక్ష చిన్నచిన్న పూసలతో చేస్తారు, కంటికి కనపడనంత చిన్నవి. ఒక్కో పూస మీద మనిషి కణాల గుర్తు ఒక్కో రకం అతికించి ఉంటుంది. మీ రక్తం పోస్తే ఏ పూస వెలుగుతుందో, ఆ గుర్తుకి మీలో విరోధి ఉందని లెక్క. కానీ అతికించేటప్పుడు కొన్ని గుర్తులు నలిగిపోయి, లోపలుండాల్సిన భాగం బయటికొస్తుంది. అసలు మనిషి కణం మీద అది ఎప్పుడూ బయటపడదు. మీ రక్తం ఆ నలిగినదానికి అంటుకుంది. పూస వెలిగింది. ఈసారి మీ ఆయన రక్తంలోంచి బతికున్న కణాలనే తీసి కలిపి చూశాం. ఏమీ కాలేదు. వేరే రకం పూసలతోనూ చూశాం, వెలగలేదు."

"అంటే లోపలి అస్తరు బయటికి తిరగబడ్డ సీటుని చూసి, సీటే అదనుకున్నారన్నమాట."

డాక్టరమ్మ ఒప్పుకుంది. "అలాగే అనుకోండి. అప్పుడే బతికున్న కణాలతో చూసి ఉండాల్సింది. పూస అంత గట్టిగా వెలిగిందని అక్కడే ఆపేశారు. మీలాగే ఇంకొందరికీ జరిగింది. వాళ్ళలో మగవాళ్ళు కూడా ఉన్నారు."

"మగాళ్ళు కూడానా!" సీటమ్మ గభాల్న కుర్చీలో ముందుకు జరిగింది. "డాక్టర్ గారూ, బయట మా వదిన కూర్చుంది. ఆవిడకి కూడా ఈ మాటలన్నీ మొదట్నుంచీ చెప్తారా? ముఖ్యంగా ఆ మగాళ్ళ సంగతి."

డాక్టరమ్మ లేచి వెళ్ళి ఆవిడను తీసుకొచ్చి, కూర్చోబెట్టి, అన్నీ మళ్ళీ చెప్పింది. ఆడపడుచు ఒళ్ళో చేతిసంచీని రెండు చేతులా పట్టుకుని విన్నది. "గర్భమేదీ రాలేదన్న మీ మరదలి మాటే నిజమని తేలిందమ్మా" అంది డాక్టరమ్మ సంతోషంగా.

ఆ మాటకు ఆడపడుచు ఏడ్చింది. సీటమ్మ కూడా ఏడ్చింది. నింద పోయినందుకని డాక్టరమ్మ అనుకుంది, ఆడపడుచూ అలాగే అనుకుంది. నింద పోయింది, నిజమే. దాంతోపాటు ఆ బిడ్డ కూడా పోయింది. ఒంట్లో గుర్తు వదిలివెళ్ళిందనుకున్నది నలిగిన పూసట. ఆ వానాకాలం మళ్ళీ ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చిన నెల అయిపోయింది. ఆ ముక్క ఎవరితో చెప్పుకుంటుంది?

ఆరోజు సాయంత్రం ఆడపడుచు డయాలసిస్ చేతిని కాకుండా రెండో చెయ్యి పట్టుకుని, "నన్ను రెండు దెబ్బలు కొట్టమ్మాయ్" అంది.

"నాకిప్పుడంత ఓపిక లేదు వదినా. కిడ్నీ పెట్టాక చూద్దాం" అంది సీటమ్మ.

కానీ కిడ్నీ పెట్టలేదు. రెండేళ్ళ కిందట రాయిలా ఉన్నాడన్న డ్రైవరును మళ్ళీ పరీక్ష చేస్తే, షుగరు బయటపడింది. మూత్రంలో ప్రొటీను కూడా పోతోంది. వాళ్ళ నాన్నకూ ఉండేదట. డాక్టరు ఈసారి నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. "ఆయన దగ్గర ఒకటి తీసేస్తే, కొన్నేళ్ళకి మీ పక్క కుర్చీలో ఆయనుంటాడు. నేను తియ్యను."

"నా ఇష్టం కదండీ! నాది నేనిస్తానంటుంటే మధ్యలో మీకేమిటి?" డ్రైవరు బల్ల మీద గుద్దాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అతను బల్ల చివర పట్టుకుని ఆయన్ని బతిమాలాడు కూడా. సీటమ్మే అతన్ని భుజం పట్టుకుని లేపింది.

ఆడపడుచు నాది తీసుకోండని వెళ్ళింది. బ్లడ్ గ్రూపు కలవలేదు. వయసు కూడా మీరిపోయిందన్నారు. ఇవ్వడానికి ఏమీ లేదని తేలాక, తానన్న మాటలనైనా వెనక్కి తీసుకోవాలని ఆవిడ బయల్దేరింది. కొట్టు మూసి, ఇల్లిల్లూ తిరిగి, "మా మరదలు అలాంటిది కాదు. ఆ పరీక్షే తప్పట. మగాళ్ళకీ వస్తుందట" అని చెప్పడం మొదలుపెట్టింది. చిక్కేమిటంటే, సగంమంది మొదటి కథ విననే లేదు. "ఏమిటి, ఏమైంది?" అని అడిగేవారు. అప్పుడు ఆవిడ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చేది. నాలుగు గోడల మధ్య ఉన్నది నాలుగు వీధులకూ తెలిసింది. షెడ్డులో మేస్త్రి చెవిన కూడా పడింది.

సీటమ్మ ఆ సంగతి విని, తల పట్టుకుని నవ్వింది. చాలాకాలం తర్వాత నవ్వింది. "చాలు వదినా! మీరు వేసిన మచ్చ కన్నా తుడిచిన మచ్చ పెద్దదైపోయింది. ఇంక తుడవకండి."

మరుసటి ఏడాది ఒక పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ప్రమాదంలో పోయిన ఒకరి కిడ్నీ ఉంది, ఏమీ తినకుండా వెంటనే రమ్మన్నారు. డ్రైవరు డ్యూటీ మాని తీసుకెళ్ళాడు. తీరా వెళ్ళాక తెలిసింది, ఆమెకన్నా ముందు ఇంకొకరున్నారు. ఆ మనిషికి కుదరకపోతేనే ఈమెకు. ఎండిపోయిన నోటితో ఆమె వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చుంది. నర్సు వచ్చి, "ఆవిడకి కుదిరిందమ్మా. మీరు వెళ్ళి ఏమైనా తినండి" అంది.

ఆసుపత్రి ముందు మెట్ల మీద, నీడపట్టున కూర్చున్నారిద్దరూ. అతను ఇంటినుంచి తెచ్చిన అన్నం డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఆరోజు నీకో మాట చెప్పాలన్నాను. గుర్తుందా?" అంది.

అతనికి గుర్తుంది. ఏ రోజని అడగలేదు.

ఆమె చెప్పింది. వానాకాలం, బరువైన సీటు, మార్చుకున్న చీర, డాక్టరు మాట విన్నాక తను అనుకున్నది, రెండేళ్ళు మోసినది, అన్నీ. "పరీక్ష తప్పని మీరందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ఒకటి పోయింది. ఉందో లేదో కూడా తెలియని దానికోసం ఏడవాలో వద్దో తెలియలేదు."

డ్రైవరు డబ్బా మూత పెట్టేశాడు. రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఆ మెట్లు దిగుతున్నప్పుడు నాకూ అదే అనిపించింది. మనకి ఒకటి వచ్చి పోయిందేమోనని. ఆడపిల్లేమోనని కూడా అనుకున్నాను. నాలుగు రోజులు అనుకున్నాను. తర్వాత అక్క ఆ మాట అంది."

"నాలుగు రోజులూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

ఆమె అతని వైపు తిరిగి చూసింది. అడిగిన మాటను ఆమె క్షమించిందా లేదా అన్నది ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆ మెట్ల మీద మొట్టమొదటిసారి ఇద్దరూ ఒకే బిడ్డ కోసం ఏడ్చారు. దారినపోయేవాళ్ళు, ఆసుపత్రి ముందు ఏడ్చేవాళ్ళు కొత్తేం కాదు కాబట్టి, తప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత సీటమ్మ ఎన్నాళ్ళో లేదు. రెండోసారి ఫోను రాకముందే గుండె అలసిపోయింది. ఒకరోజు డయాలసిస్ మధ్యలో, కళ్ళు మూసుకుని పడుకున్నట్టే ఉంది. నర్సు ఆమెను అసలు పేరుతో రెండుసార్లు పిలిచింది.

డ్రైవరు ఇప్పటికీ బస్సు నడుపుతున్నాడు, షుగరు మాత్రలు జేబులో పెట్టుకుని. కొత్త కండక్టర్లు మాటల్లో పడి పిల్లలెంతమంది అని అడుగుతుంటారు. "ఒక పాప ఉండేది" అంటాడు. ఇంకేమీ చెప్పడు. వాళ్ళూ మళ్ళీ అడగరు.